మందొస్తే చాలదు, ప్రశ్న మనదై ఉండాలి

క్యాన్సర్ పరిశోధన మాటెత్తితే మన చదువుకున్న వర్గంలో వినిపించే జవాబు దాదాపు ఒక్కటే. "క్యాన్సర్ కణం ఏ దేశంలోనైనా ఒకటే. దాని గుట్టు విప్పడానికి కావలసిన డబ్బూ ప్రయోగశాలలూ అమెరికా, ఐరోపాల దగ్గరున్నాయి. వాళ్లు మందు కనిపెడతారు. పేటెంటు గడువు తీరగానే మన హైదరాబాదు కంపెనీలు దాన్ని చవగ్గా తయారుచేస్తాయి. ఆరోగ్యశ్రీలాంటి పథకం కింద మన రోగికి చేరుతుంది. ఈలోపు ఏలూరుకో, తాడేపల్లిగూడేనికో, కొల్లేటి లంకలకో సొంత పరిశోధన దేనికి? ఆ డబ్బుతో ఆసుపత్రి కట్టండి, యంత్రాలు కొనండి." ఈ మాట అనేవాళ్లలో మంచి డాక్టర్లున్నారు, నిజాయితీగల అధికారులున్నారు, విదేశాల్లో పిల్లలుండి ఊరికేదైనా మేలు చేద్దామనుకునే పెద్దలున్నారు. వాళ్ల సదుద్దేశాన్ని శంకించను. వాళ్ల వాదన మాత్రం మొదటి మెట్టు నుంచీ తప్పు. ఆ తప్పుకు మన ఊళ్లలో ప్రాణాలు పోతున్నాయి కాబట్టి దీన్ని మర్యాదకు వదిలేయలేం. ఒక్కొక్క మెట్టూ పరిశీలించాల్సిందే.

ముందుగా, ప్రపంచం దేని మీద పరిశోధిస్తోందో చూద్దాం. 2016 నుంచి 2020 దాకా ప్రభుత్వాలూ దాతృత్వ సంస్థలూ క్యాన్సర్ పరిశోధనకు ఇచ్చిన 66 వేలకు పైగా గ్రాంట్లను లెక్కగట్టిన అధ్యయనం 2023లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చింది. మొత్తం సుమారు 2,450 కోట్ల డాలర్లు. అందులో నూటికి 73 పాళ్లకు పైగా ఇంకా రోగి దాకా రాని ప్రయోగశాల దశ పరిశోధనకే పోయింది. రేడియోథెరపీ పరిశోధనకు దక్కింది 2.8 శాతం. శస్త్రచికిత్సకు 1.4 శాతం. గడ్డ పుట్టినచోటే ఉండగా రోగిని పూర్తిగా బాగుచేసేవి చాలావరకు ఈ రెండే: ఆపరేషన్, మనవాళ్లు 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్. ప్రాణం నిలబెట్టే రెండు చికిత్సలకూ కలిపి నూటికి ఐదు రూపాయలు కూడా రాలేదు.

ఇక రోగుల మీద జరిగే పరీక్షల సంగతి. 2014 నుంచి 2017 వరకు ప్రచురితమైన పెద్ద క్యాన్సర్ ట్రయల్స్ 694ని పరిశీలిస్తే, 92 శాతం సంపన్న దేశాల నాయకత్వంలో జరిగినవే. మిగిలిన 8 శాతమే పేద, మధ్యాదాయ దేశాలు నడిపినవి. ఆ కొద్ది ట్రయల్స్‌లో అనుకున్న ఫలితం సాధించినవాటి పాలు సంపన్న దేశాలవాటి కన్నా ఎక్కువ. అయినా అవి చిన్న పత్రికల్లోనే అచ్చయ్యాయని అదే అధ్యయనం తేల్చింది. అంటే, 'వాళ్లు కనిపెడతారు, మనం తీసుకుంటాం' అన్నప్పుడు మనం తీసుకుంటున్నది మందు ఒక్కటే అనుకోకూడదు. ఏ రోగం ముందు, ఏ దశ ముందు, ఎవరి ప్రాణం ముందు అన్న వరసను కూడా వాళ్ల దగ్గరి నుంచే తెచ్చుకుంటున్నాం. ఆ వరస వాళ్ల జనానికి తగ్గట్టు వాళ్లు వేసుకున్నది. అందులో వాళ్ల తప్పేమీ లేదు. దాన్ని మన వరసగా ఒప్పుకోవడమే తప్పు.

'కణం ఒకటే' అన్న మాట సూక్ష్మదర్శిని కింద చాలావరకు నిజం. మనుషుల మధ్యకు రాగానే అది నిలబడదు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా 14 లక్షల కొత్త క్యాన్సర్ కేసులు, 9 లక్షలకు పైగా మరణాలు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ 1,27,000 మందికి పైగా ఆడవాళ్లకు వస్తే, దాదాపు 80 వేలమంది చనిపోతున్నారు. అమెరికాలో అదే జబ్బుకు ఏడాదికి సుమారు 14 వేల కేసులు, 4 వేల పైచిలుకు మరణాలు. వంద కేసులకు మన దగ్గర 60కి పైగా మరణాలు, అక్కడ 30 చిల్లర. అదే అవయవం, అదే వైరస్, అదే కణం. తేడా ఎక్కడుంది? అక్కడి మనిషి జబ్బు ముదరక ముందే పరీక్షకు వెళ్తుంది. ఇక్కడి మనిషి తెల్లబట్ట అవుతోందని ఆరు నెలలు ఎవరికీ చెప్పదు, తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన గోళీలు వేసుకుంటుంది, నెత్తురు ఆగకుండా పోతున్నప్పుడు పెద్దాసుపత్రికి వస్తుంది. అమెరికా శాస్త్రవేత్తకు ముందున్న ప్రశ్న, మూడో మందు పనిచేయకపోతే నాలుగో మందు ఏమిటని. మన ముందున్న ప్రశ్న, ఈ మనిషి ఆరు నెలల ముందే ఎలా వస్తుందని. దానికి జవాబు బోస్టన్‌లో దొరకదు. అక్కడ అది ఎదురు కాని ప్రశ్న.

కారణాలు సైతం ప్రాంతాన్ని బట్టి మారతాయనడానికి మన తీరంలోనే గట్టి సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటును 'అడ్డపొగ' అంటారు. ఆ వేడికీ పొగకూ అంగిలికి క్యాన్సర్ వస్తుంది. ప్రపంచంలో చాలా చోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ ఆ పల్లెల్లో మామూలు జబ్బు. 1960ల చివర్లో ముంబై టాటా మౌలిక పరిశోధన సంస్థ పరిశోధకులు శ్రీకాకుళంలో ఇంటింటికీ తిరిగి నోళ్లు తెరిపించి చూశారు కాబట్టి ఈ సంగతి వైద్యశాస్త్రానికి వివరంగా తెలిసింది. కణం ఒకటే కదా అని ఇంట్లో కూర్చునుంటే, అడ్డపొగ మన ముసలవ్వల అలవాటుగా మిగిలిపోయేది, రోగకారణంగా లెక్కకు వచ్చేదే కాదు.

మన గోదావరి రైతును అడిగితే ఈ విషయం ఇంకా సులువుగా చెబుతాడు. వరి ఎక్కడైనా వరే. ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఉంది. అయినా మనం మార్టేరు వరి పరిశోధన కేంద్రాన్ని మూసేయలేదు. డెల్టా నేలకూ ముంపుకూ తట్టుకునే వంగడం కావాలని మార్టేరులోనే శ్రమించారు. 1982లో విడుదలైన ఎంటీయూ 7029, అదే స్వర్ణ, తూర్పు భారతమంతా పాకింది. ఏలూరు పక్కన పెదవేగిలో ఆయిల్‌పామ్‌కు జాతీయ పరిశోధన సంస్థ పెట్టారు. రాజమహేంద్రవరంలో పొగాకుకు కేంద్ర పరిశోధన సంస్థను 1947లోనే నెలకొల్పారు. ఈ నేలలో పండే పంటకు ఈ నేల మీదే పరిశోధన కావాలని ఒప్పుకున్నవాళ్లం, ఈ నేల మీద బతికే మనిషి రోగానికి వచ్చేసరికి 'ఎక్కడైనా ఒకటే' అంటున్నాం.

ఆ పొగాకు మాటే ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాలి. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం ప్రాంతాల తేలికనేలల వర్జీనియా పొగాకుకు ప్రత్యేక వేలం కేంద్రాలున్నాయి. ఏ రోజు ఏ గ్రేడు కిలో ఎంత పలికిందో, ఎన్ని బేళ్లు అమ్ముడయ్యాయో పొగాకు బోర్డు దగ్గర లెక్క ఉంటుంది. ఆ పొగాకు కాల్చినవాళ్లకు, నమిలినవాళ్లకు, ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేసినవాళ్లకు ఎంతమందికి నోటి క్యాన్సర్ వచ్చిందో లెక్క ఉందా? 2020లో భారత వైద్య పరిశోధన మండలి విడుదల చేసిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో ఒక ప్రాంత జనాభా మొత్తాన్ని లెక్కలోకి తీసుకునే రిజిస్ట్రీలు 28 ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి అందులో ఉన్నది హైదరాబాదు జిల్లా ఒక్కటే. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు. ఐదు కోట్ల జనాభా ఉన్న రాష్ట్రం ఆ పుస్తకంలో ఖాళీ. ఎన్ని బేళ్లో తెలిసి ఎన్ని ప్రాణాలో తెలియని పరిస్థితికి పేదరికం కారణమని నేను ఒప్పుకోను. ఏది లెక్కపెట్టదగినదో మనం ఎంచుకున్న తీరే దానికి కారణం.

'పరిశోధన ఖరీదైన వ్యవహారం' అన్నది రెండో మెట్టు. కొత్త అణువును కనిపెట్టడం ఖరీదే. మనకు అత్యవసరమైన పరిశోధన అంతా ఆ కోవలోది కాదు. ముంబై మురికివాడల్లో 1998లో మొదలైన టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి అధ్యయనంలో పదో తరగతి దాకా చదివిన స్థానిక మహిళలకు కొద్ది వారాల శిక్షణ ఇచ్చారు. వాళ్లు పలచని వెనిగర్ ద్రావణాన్ని గర్భాశయ ముఖద్వారానికి రాసి, తెల్లబడిన భాగాలుంటే గుర్తించారు. లక్షన్నర మంది మహిళలున్న ఆ అధ్యయనంలో, పరీక్ష అందిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పోలిక కోసం ఉంచిన మహిళలకు పరీక్ష చేయకపోవడం న్యాయం కాదని తర్వాత గట్టి విమర్శ వచ్చింది. ఆ విమర్శ సమంజసం, మన పరిశోధన దాన్నీ తలకెక్కించుకోవాలి. కానీ వెనిగర్‌తో ప్రాణాలు దక్కుతాయా అన్న ప్రశ్న వేసింది ఎవరో గమనించండి. ప్రయోగశాల, కణాలను పరీక్షించే సైటాలజిస్టు, తిరిగి పిలిపించుకునే ఏర్పాటు అన్నీ ఉన్న దేశానికి ఆ ప్రశ్న అక్కర్లేదు.

ఇంకో ఉదాహరణ. నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును మామూలు మోతాదులో మన రోగుల్లో నూటికి రెండు మూడు కుటుంబాలు కూడా కొనలేవు. ముంబై టాటా వైద్యులు అందులో పదో వంతు కన్నా తక్కువ, మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే, ముదిరిన తల, మెడ భాగాల క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మామూలు నోటి మందులు మాత్రమే వాడిన వర్గంలో 16 శాతం, ఈ చిన్న మోతాదు కలిపిన వర్గంలో 43 శాతం. ఇంత తక్కువ మందు చాలునేమో అని పరీక్షించే అవసరం మందు అమ్మే కంపెనీకి ఉండదు. మందు కొనలేని దేశానికే ఉంటుంది. అలాగే రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిడోకైన్ అనే మామూలు మత్తు ఇంజెక్షన్ ఇస్తే, ఐదేళ్లు బతికినవాళ్లు 86.4 శాతం నుంచి 90.1 శాతానికి పెరిగారని మన దేశపు ఆసుపత్రుల్లో జరిగిన ట్రయల్ 2023లో వెల్లడించింది. ఆ ఇంజెక్షన్ ప్రతి తాలూకా ఆసుపత్రిలో ఉంటుంది.

'అది టాటా, ముంబై. ఏలూరుకు అంత సీను ఎక్కడిది?' అంటారేమో. అయితే బార్శీ సంగతి వినాలి. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లాలోని ఒక తాలూకా పట్నం అది. దేశంలో మొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ 1987లో అక్కడ మొదలైంది. రోగి ఆసుపత్రికి వస్తేనే నమోదు చేస్తామంటే పల్లెల్లో సగం కేసులు తప్పిపోతాయని, సిబ్బందే ఊరూరా తిరిగారు. ప్రతి ఊళ్లో జనంతో మాట్లాడారు, ఏ లక్షణాలుంటే అనుమానించాలో చెప్పారు, అనుమానం ఉన్నవాళ్లను ఆసుపత్రికి పంపారు. కొన్నేళ్లకు తేలిందేమిటంటే, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ ముందు దశల్లోనే బయటపడుతున్న మహిళల సంఖ్య పెరిగింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. లెక్కపెట్టడానికి వెళ్లినవాళ్లే చికిత్స దగ్గరకు దారి వేశారు. పరిశోధన ఒకటి, సేవ ఒకటి అని విడదీసి మాట్లాడేవాళ్లు బార్శీని చూసి జవాబు చెప్పాలి.

ప్రశ్న పేదల మధ్య పుట్టి ప్రపంచానికంతా మందు ఇచ్చిన చరిత్ర మన పక్క ఊరిదే. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గురించి సభల్లో గొప్పగా చెప్పుకుంటాం, ఆ పని ఎక్కడ మొదలైందో మాత్రం మరిచిపోతాం. బొంబాయిలో గర్భిణులను పీడించే ఒక రకం రక్తహీనతను లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు 1920ల చివర్లో అధ్యయనం చేశారు. మిల్లు కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్ల తిండినీ రక్తాన్నీ పరిశీలించి, ఈస్టు సారంలోని ఏదో పదార్థం ఆ జబ్బును నయం చేస్తోందని 1931లో చెప్పారు. ఆ పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం దాన్ని 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసింది, దాని పనిని అడ్డుకునే ప్రతి-పదార్థాలనూ తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగా ఉపశమనం కలిగించగలిగారని 1948లో ప్రచురితమైంది. కీమోథెరపీ చరిత్రలో అదొక మొదటి పేజీ. అదే వరసలో వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. పైన చెప్పిన నివోలుమాబ్ ట్రయల్‌లో రోగులకిచ్చిన చవక నోటి మందుల్లో ఒకటి ఈ మెథోట్రెక్సేటే. బొంబాయి కార్మిక స్త్రీ రక్తహీనత ఏ సంపన్న దేశపు ప్రాధాన్య జాబితాలోనూ పై వరసలో లేదు. ఆమె ఎందుకు పాలిపోయిందో తెలుసుకోవాలనుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ దారి మొదలైంది.

ఇక్కడ అవతలి పక్షంవాళ్లు ఖమ్మం ఉదంతం గుర్తుచేస్తారు. పరిశోధన పేరుతో పేదపిల్లల మీద ప్రయోగాలు చేశారు కదా, అది చాలదా అని. గుర్తుచేయడం మంచిదే. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా ప్రదర్శన కార్యక్రమం చేపట్టింది. వాళ్లలో హాస్టళ్లలో చదివే గిరిజన బాలికలు చాలామంది. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరునూ, పర్యవేక్షణ లోపాలనూ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ ఉదంతం నుంచి పరిశోధనే వద్దన్న పాఠం తీసుకుంటే నష్టపోయేది మన ఆడపిల్లలే. ఖమ్మంలో తప్పు ఎక్కడ జరిగింది? ఆ జిల్లా తల్లులను ఎవరూ అడగలేదు. స్థానిక వైద్యులకు నిర్ణయంలో పాత్ర లేదు. దుష్ఫలితాలను పట్టుకుని లెక్కరాసే ఏర్పాటు ఊళ్లలో లేదు. సొంత ప్రశ్న, సొంత లెక్కల పుస్తకం లేని చోటికి ఇతరుల ప్రశ్న ఇలాగే వస్తుంది. మనం పరిశోధన మానుకున్నంత మాత్రాన మన మీద పరిశోధన ఆగదు, మన మాట చెల్లని పరిశోధన మాత్రమే మిగులుతుంది. అదే 2010 నిలుపుదల వల్ల ఇంకో సంగతి జరిగింది. దేశంలో మరికొన్నిచోట్ల ఇదే టీకా ఎన్ని డోసులు కావాలో తేల్చే వేరే అధ్యయనం కూడా మధ్యలో ఆగిపోయి, దాదాపు 5 వేలమంది బాలికలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా పదేళ్లపాటు గమనించారు. ఒక్క డోసు కూడా మూడు డోసులంత రక్షణ ఇస్తోందని 2021లో ప్రకటించారు. ఇతర దేశాల అధ్యయనాలూ అదే చెప్పాక, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతికి ఆమోదం తెలిపింది. ప్రపంచంలో పేద దేశాలన్నిటికీ టీకా ఖర్చును ఒక్కసారిగా తగ్గించిన నిర్ణయమది. దానికి ఆధారంలో పెద్ద భాగం భారతీయ బాలికలిచ్చారు.

ఇక మనలో సామాన్యంగా చెలామణి అయ్యే మరో అభిప్రాయాన్ని కూడా ఖండించాలి. 'కారణం అందరికీ తెలిసిందే. పురుగుమందుల తిండి, చెరువుల్లో రసాయనాలు, కొల్లేరు మురుగు. ఇంక పరిశోధన ఏమిటి?' ఈ కోపం నాకూ అర్థమవుతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లన్నీ కొల్లేట్లో కలుస్తాయి. దాని చేపల కణజాలంలో పురుగుమందుల అవశేషాలను కొలిచిన పరిశోధన పత్రం 2001లోనే వచ్చింది. 2020 డిసెంబరు మొదటివారంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయంది. జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల ఆనవాళ్లు చూపింది. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని చివరకు ప్రభుత్వం చెప్పింది. అవి ఏ దారిన జనం ఒంట్లోకి వెళ్లాయన్న అసలు ప్రశ్న మిగిలిపోయింది. దేశంలో పేరున్న సంస్థలన్నీ పది రోజులు ఏలూరులో ఉన్నాయి. ఆ తర్వాత వెళ్లిపోయాయి.

2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు విపరీతంగా ఉన్నాయని శాసనసభలో ప్రస్తావన వచ్చింది. వైద్యబృందాలు ఇంటింటికీ తిరిగాయి. ఊరంతా భయంతో వణికింది. ఇలాంటి చోట తేల్చవలసింది ఏమిటో లెక్కలో చూద్దాం. దేశ సగటున లక్షమందికి ఏడాదికి సుమారు వంద కొత్త క్యాన్సర్లు. అంటే 10 వేల జనాభా ఉన్న ఊళ్లో ఏ ప్రత్యేక కారణమూ లేకుండానే ఏటా పది, పదేళ్లలో వంద కేసులు రావచ్చు. పిల్లలు హైదరాబాదుకూ విదేశాలకూ వెళ్లిపోయి పెద్దవాళ్లు మిగిలిన గోదావరి పల్లెలో ఇంకా ఎక్కువ రావచ్చు, ఎందుకంటే క్యాన్సర్ వయసుతో పెరిగే జబ్బు. ఆ ఊళ్లో నిజంగా ఎక్కువున్నాయా, ఏ అవయవానికి ఎక్కువ, ఎప్పటి నుంచి, ఏ వీధిలో, ఏ పని చేసినవాళ్లకు అన్నవి పక్క ఊళ్లతో పోల్చి చెప్పాలంటే పదిపదిహేనేళ్ల నమోదు చేతిలో ఉండాలి. అది లేనందువల్ల ఎటు తిరిగినా నష్టమే. నిజంగా విషం ఉంటే దాన్ని వదిలినవాళ్లు తప్పించుకుంటారు. లేకపోతే ఊరు అకారణంగా భయపడి, పెళ్లి సంబంధాలూ చేపల గిట్టుబాటూ దెబ్బతింటాయి. అందరికీ తెలిసిన కారణం కోర్టులో నిలవదు, కాలుష్య నియంత్రణ మండలి ముందు నిలవదు. లెక్క నిలుస్తుంది. కొల్లేరును ప్రేమించేవాళ్లే అందరికన్నా ముందు ఈ లెక్క కోసం పట్టుబట్టాలి.

చివరి మెట్టు, 'ముందు ఆసుపత్రి, తర్వాత పరిశోధన.' ఆసుపత్రి కావాలనడంలో తగాదా లేదు. ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలవడం ఎన్నో ఏళ్ల కోరిక తీరడమే. కానీ ఏ ఆసుపత్రి, ఎక్కడ, ఏ చికిత్స, ఎన్ని రోజులు అన్న ప్రశ్నలకు జవాబు ఎక్కడి నుంచి వస్తుంది? రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఒకప్పుడు ఐదు వారాలు, తర్వాత మూడు వారాలు. కొల్లేటిలోని పెనుమాకలంక మనిషి మూడు వారాలు విజయవాడలో ఉండి కరెంటు పెట్టించుకోవాలంటే, గది అద్దె, తోడు వచ్చినవాళ్ల తిండి, పోయిన కూలి అన్నీ చికిత్స ఖర్చులే. పథకం కార్డు వాటికి పనిచేయదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలో కలిసినప్పుడు లంకల దారులన్నీ నీటమునిగాయి. అలాంటి రోజుల్లో సగంలో ఆగిన చికిత్స ఏమవుతుంది? బ్రిటన్‌లో జరిగిన ఒక ట్రయల్, ఒక్క వారంలో ఐదుసార్లు రేడియేషన్ ఇచ్చినా ఫలితం మూడు వారాల పద్ధతికి తీసిపోదని 2020లో చూపించింది. కొల్లేటి మహిళకు ఈ ఫలితం కొత్త మందు కన్నా విలువైనది. మన దగ్గర ఆలస్యంగా, పెద్ద గడ్డలతో వచ్చేవాళ్లకు కూడా అది వర్తిస్తుందా, ఎవరికి వర్తించదు, అమలు చేస్తే ఎంతమంది చికిత్స పూర్తి చేస్తారు అన్నది మన ఆసుపత్రుల్లోనే చూడాలి. అది చూడకుండా కట్టే భవనం సగం ఖాళీగానో, సగం చికిత్సతో వెళ్లిపోయే రోగులతోనో ఉంటుంది.

బ్రిటన్ ఉదాహరణ ఇచ్చింది కావాలనే. ఇది స్వదేశాభిమానపు వాదన కాదు. సంపన్న దేశాల ప్రాథమిక పరిశోధన లేకపోతే హెచ్‌పీవీ టీకా లేదు, నివోలుమాబ్ అసలే లేదు. ముంబై ప్రశ్న కూడా అన్నిచోట్లా కొల్లేటి ప్రశ్న కాదు. జిల్లా ప్రశ్న జిల్లా నుంచే రావాలి. టాటా మెమోరియల్ డైరెక్టర్ సి.ఎస్. ప్రమేశ్, మరికొన్ని దేశాల వైద్యులతో కలిసి 2022లో నేచర్ మెడిసిన్ పత్రికలో పేద, మధ్యాదాయ దేశాల క్యాన్సర్ పరిశోధన ప్రాధాన్యాలను ఐదుగా చెప్పారు: ముదిరిన దశలో వచ్చే రోగుల సంఖ్య తగ్గించడం, చికిత్స అందుబాటునూ ఫలితాలనూ మెరుగుపరచడం, పెట్టిన డబ్బుకు తగ్గ వైద్యం ఏదో తేల్చడం, తెలిసిన చికిత్సను అమలుచేసే పద్ధతులపై పరిశోధన, సాంకేతికతను ఇందుకు వాడుకోవడం. ప్రపంచ స్థాయిలో వరస మార్చాలని మనవాళ్లే చెబుతుంటే, మన జిల్లాల్లో ఆ వరసను పట్టించుకోకపోవడం క్షమించరానిది.

అయితే ఏం చేయాలి? మొదటిది, ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలకు బార్శీ తరహా జనాభా రిజిస్ట్రీ. ఊళ్లలో ఆశా కార్యకర్తలున్నారు, ఏఎన్‌ఎంలున్నారు, ఆరోగ్యశ్రీ మొదలైన 2007 నుంచి చికిత్స బిల్లుల సమాచారం ప్రభుత్వం దగ్గరే ఉంది. రోగి పేరు బయటపడకుండా ఆ సమాచారాన్ని నమోదుతో జోడించవచ్చు. రెండోది, మొదటి లక్షణానికీ ముక్క పరీక్షకూ (బయాప్సీకీ) మధ్య ఎన్ని నెలలు పోతున్నాయో, ఎవరి గుమ్మం దగ్గర పోతున్నాయో అధ్యయనం. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు, అనుమానం రాగానే పంపేలా వాళ్లకు నేర్పితే ఎన్ని రోజులు కలిసొస్తాయో కొలవాలి. మూడోది, ఆడవాళ్లు ఇంట్లో తామే నమూనా తీసుకుని ఇచ్చే హెచ్‌పీవీ పరీక్షకు లంక గ్రామాల్లో ఎంతమంది ఒప్పుకుంటారు, పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమంది చికిత్స దాకా వస్తారు అన్నది. నాలుగోది, పిచికారీ కూలీలను, చెరువుల మీద పనిచేసేవాళ్లను, రోజూ కొల్లేటి చేప తినేవాళ్లను కొన్ని వేలమందిని ఎంచుకుని, రక్తనమూనాలు భద్రపరచి, ఇరవై ఏళ్లు గమనించే అధ్యయనం. నీటినీ మట్టినీ పరీక్షించడానికి తాడేపల్లిగూడెంలో ఎన్‌ఐటీ ఉంది, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, ఏలూరులో వైద్య కళాశాలలున్నాయి. ఇవన్నీ గంట ప్రయాణం దూరంలో ఉండి కూడా ఒక ప్రశ్న మీద కలిసి కూర్చోవడానికి ఎవరూ పిలవలేదంటే ఆ లోటు డబ్బుది కాదు.

డబ్బు పొగాకు మీద వచ్చే పన్నులోంచి ఒక చిన్న పాలు కేటాయిస్తే వస్తుంది. విదేశాల్లోని మన డాక్టర్లూ ఇంజనీర్లూ సాయం చేయగలరు. హైదరాబాదు బసవతారకం ఆసుపత్రి పేరులోనే ఇండో-అమెరికన్ అన్న మాట వాళ్ల సాయానికి గుర్తుగా నిలిచింది. ఇప్పుడు వాళ్లు మరో భవనానికి పేరు వేయించుకోవడం కన్నా, ఒక రిజిస్ట్రీ సిబ్బందికి పదేళ్ల జీతం హామీ ఇవ్వడం ఎక్కువ ప్రాణాలు నిలుపుతుంది. ప్రశ్నల వరస నిర్ణయించే చోట లంక గ్రామాల మహిళా సంఘాల ప్రతినిధి, కౌలురైతు, చికిత్స పూర్తి చేసుకున్న రోగి కూర్చోవాలి. ఖమ్మంలో వదిలేసింది సరిగ్గా వాళ్లనే.

ఏ ప్రశ్నకు ముందు జవాబు వెతకాలో నిర్ణయించేవాళ్లు, నిజానికి ఎవరు ముందు బతకాలో నిర్ణయిస్తున్నారు. 'వాళ్లు కనిపెడితే మనకొస్తుంది' అనడం ఆ నిర్ణయాన్ని చేతులారా వదులుకోవడం. మార్టేరులో వరి విషయంలో వదులుకోలేదు, తిండి గింజలు పండించుకున్నాం. మనుషుల విషయంలో వదులుకుంటున్నాం, ఏటా ఎంతమందిని పోగొట్టుకుంటున్నామో చెప్పడానికి మన దగ్గర అంకె కూడా లేదు. ఆ అంకె కోసం జిల్లా కలెక్టరు నుంచి శాసనసభ్యుల దాకా ప్రతి ఒక్కరినీ నిలదీయాలి. క్యాన్సర్ ఆసుపత్రి కోసం ధర్నా చేసే ప్రతి వేదిక మీదా, దాని పక్కనే, రిజిస్ట్రీ కోసం రెండో డిమాండు రాసి ఉండాలి.